కరుణాపీఠము: అది పీఠమా, మూతా?

ప్రశ్న

అందరికీ వందనాలు. మా చర్చిలో సండే స్కూల్ నేనే చూస్తాను. ఈ వేసవి వి.బి.ఎస్. (సెలవుల బైబిల్ స్కూల్) కోసం చెప్పుల పెట్టెకి బంగారు రంగు కాగితం అంటించి నిబంధన మందసం (పది ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె) చేశాను. మూత మీద అట్టతో రెండు కెరూబులు (రెక్కల దూతలు) నిలబెట్టాను. ఒక పాప వచ్చి, "టీచర్, కరుణాపీఠం ఏది?" అని అడిగింది. మూత చూపించాను. "అది మూత కదా. పీఠం అంటే కూర్చునేది కదా. పీఠం ఎక్కడ?" అంది. రేపు చెప్తానని తప్పించుకున్నాను. హీబ్రూలో అసలు ఏ మాట ఉంది? మనవాళ్లు పీఠం అని ఎందుకు అన్నారు?

జవాబు

టీచర్ గారూ, పాప అడిగింది చాలా సరైన ప్రశ్న. హీబ్రూలో ఆ మాట కప్పోరెత్. అందులో పీఠమూ లేదు, కరుణా లేదు.

ముందు వస్తువు చూద్దాం. నిర్గమకాండం 25వ అధ్యాయంలో మందసం తుమ్మకర్రతో చేసి బంగారు రేకు పొదిగింది. దాని మీద పెట్టే కప్పోరెత్ మాత్రం మొత్తం మేలిమి బంగారమే. పొడవు రెండున్నర మూరలు, వెడల్పు ఒకటిన్నర మూర. మల్లెపూలు కొనేటప్పుడు మోచేతి నుంచి వేలి కొస దాకా కొలుస్తారు చూడండి, ఆ మూరే. అంటే పొడవు నాలుగడుగులకి కాస్త తక్కువ. మందసం పై కొలత కూడా సరిగ్గా అంతే. కెరూబుల్ని విడిగా చేసి అతికించలేదు, ఆ బంగారంతోనే ఏకాండంగా చేశారు. కాబట్టి చూడటానికి అది మూతే. పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ కూడా మందసం మీది మూత అనే అర్థం చెప్పాడు.

అయితే ఉత్త మూతేనా అంటే నేను ఒప్పుకోను. 2 రాజులు 12:9లో యాజకుడు యెహోయాదా ఒక పెట్టె మూతకి బెజ్జం చేసి కానుకల పెట్టెగా వాడతాడు. ఆ మూతకి హీబ్రూలో ఉన్న మాట 'దెలెత్', అంటే తలుపు. అక్కడి పెట్టెకీ, మన మందసానికీ మాట ఒకటే, 'అరోన్'. పెట్టె మాట ఒకటే అయినా మూత మాట వేరు. పైగా బైబిల్లో కప్పోరెత్ అనే మాటని ఈ ఒక్క వస్తువుకి తప్ప ఇంకే మూతకీ వాడలేదు.

దాని మూలాక్షరాలు కాఫ్, పే, రేష్. ప్రాయశ్చిత్తం చేయడం అనే క్రియ 'కిప్పేర్' వీటి నుంచే వచ్చింది. యోమ్ కిప్పూర్ అని వింటుంటాం, మన బైబిల్లో ప్రాయశ్చిత్తార్థ దినం, దానికీ ఇవే అక్షరాలు. లేవీయకాండం 16ని హీబ్రూలో చదివితే ఈ శబ్దం అడుగడుగునా మోగుతుంది. కప్పోరెత్ మీద రక్తం చల్లి కిప్పేర్ చేస్తారు. తెలుగులో ఒకటి ప్రాయశ్చిత్తం, ఇంకొకటి కరుణాపీఠం అయ్యేసరికి రెంటికీ చుట్టరికం ఉందని చెవికి తెలియదు.

ఇంకొకరు

బ్రదర్, ఒక కన్వెన్షన్లో విన్నాను: కప్పోరెత్ అంటే మన తెలుగు 'కప్పు'యేనట. పాపాన్ని కప్పేది కాబట్టి కప్పోరెత్ అట. నిజమేనా?

జవాబు

వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. కప్పు ద్రావిడ ధాతువు. కప్పోరెత్ సెమిటిక్ మాట. రెండూ కలిసినట్టు వినపడటం కాకతాళీయం. పిల్లలకి గుర్తుండటానికి చెప్పుకోవచ్చేమో గానీ, పుల్పిట్ మీద నుంచి "మూలభాషలో ఇదే ఉంది" అని చెప్పకూడదు. వాక్యం మీద ప్రేమ ఉంటే మాట మీద కూడా జాగ్రత్త ఉండాలి.

కప్పడం అనే అర్థం హీబ్రూ ధాతువులోనే ఉందని కొందరు పండితులు అంటారు, అది వేరే సంగతి. ఆదికాండం 6:14లో నోవహు ఓడకి లోపలా బయటా కీలు పూయమన్న చోట ఇవే మూలాక్షరాలు. (కీలు అంటే ఇక్కడ తారు లాంటిది, మోకాలి కీలు కాదు.) మరికొందరు తుడిచివేయడం, శుద్ధి చేయడం అంటారు. లేవీయకాండం 16లో జరిగే పని చూస్తే నాకు ఈ రెండోదే సబబు అనిపిస్తుంది.

ఇక 'పీఠం' ఎక్కడిదంటే, క్రీస్తుకి ముందే యూదులు తమ లేఖనాల్ని గ్రీకులోకి తెచ్చుకున్నప్పుడు కప్పోరెత్‌ని 'హిలాస్టీరియోన్' అన్నారు. దేవుణ్ణి ప్రసన్నుణ్ణి చేసేది, పాపం పోయే చోటు, ఇలాంటి అర్థం. పదహారో శతాబ్దంలో లూథర్ జర్మన్‌లో దాన్ని కృపాసనం అన్నాడు, బైబిల్ అనువాదకుడు టిండేల్ 1530లో ఇంగ్లీషులో 'మెర్సీ సీట్' అన్నాడు. మన కరుణాపీఠం ఆ దారిలో వచ్చిందే. అలాగని పీఠం గాలిలోంచి పుట్టలేదు. 80వ కీర్తన దేవుణ్ణి "కెరూబులమీద ఆసీనుడవైనవాడా" అని పిలుస్తుంది. 1 దినవృత్తాంతములు 28:2లో దావీదు మందసం గురించి చెబుతూ మన దేవుని పాదపీఠం అంటాడు. పాపకి ఇది చెప్పండి: అది ఆయన కూర్చునే కుర్చీ కాదమ్మా, ఆయన పాదాల దగ్గరి చోటు.

ఇంకొకరు

మరి 'మూత' అనో 'ప్రాయశ్చిత్త ఫలకం' అనో మార్చేస్తే సరిపోతుంది కదా?

జవాబు

వద్దండీ, నేను మార్చను. హీబ్రూ వైపు మనం పోగొట్టుకున్నది నిజమే గానీ, తెలుగులో మనకి దొరికింది కూడా ఉంది.

బలిపీఠం, కరుణాపీఠం. హీబ్రూలో ఈ రెండు మాటలకీ పొంతనే లేదు, తెలుగులో జంట అయ్యాయి. ఆ జంట ఊరికే రాలేదనిపిస్తుంది నాకు. లేవీయకాండం 16:12 చూడండి. ప్రధానయాజకుడు తెర లోపలికి వెళ్లే ముందు బలిపీఠం మీది నిప్పులు ధూపార్తిలో నింపుకోవాలి. లోపల ఆ నిప్పుల మీద ధూపం వేస్తే, ఆ పొగ మేఘంలా కరుణాపీఠాన్ని కమ్ముతుంది. లేకపోతే అతను చచ్చిపోతాడు అని 13వ వచనం. ఒక పీఠం దగ్గరి నిప్పు లేకుండా రెండో పీఠం ముందు నిలబడటం కుదరదు. సిలువ లేకుండా కరుణ అడగలేమని ఎన్నో ప్రసంగాల్లో విన్నాను. అదే మాట ఆ నిప్పుల పాత్రలో చూశాక నాకు ఒళ్ళు జలదరించింది.

రెండోది 'కరుణ'. రోమా 3:25లో పౌలు యేసును హిలాస్టీరియోన్ అంటాడు, గ్రీకు బైబిల్లో కప్పోరెత్‌కి వాడిన అదే మాట. తెలుగులో "కరుణాధారము". కరుణ + ఆధారము, సవర్ణదీర్ఘ సంధి. కొందరు కరుణా ధార అనుకుని ప్రవాహం అని అర్థం చెబుతారు, అది కాదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 9:5లో అదే గ్రీకు మాటకి మళ్ళీ కరుణాపీఠమే. పీఠం, ఆధారం వేరైనా కరుణ రెంటినీ కట్టి ఉంచింది. లూకా 18:13లో దేవాలయంలో దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటున్న సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అంటాడు. అక్కడి గ్రీకు క్రియ కూడా హిలాస్టీరియోన్ కుటుంబంలోదే.

ఇంకొకరు

అదే అధ్యాయంలో గుడ్డివాడు కూడా "నన్ను కరుణించుము" అనే కదా అంటాడు? అక్కడ గ్రీకు మాట వేరు.

జవాబు

నిజమే, మంచి మాట పట్టుకున్నారు. గుడ్డివాడిది మామూలుగా జాలిపడమని అడిగే క్రియ. తెలుగులో రెండూ ఒకటైపోయాయి, ఆ తేడా మనకి వినపడదు. సుంకరిది బలి జరిగే ఆవరణలో నిలబడి అడిగిన మాట, ప్రాయశ్చిత్తం వాసన ఉన్న మాట. పైగా ఆ గ్రీకు కుటుంబాన్ని మనవాళ్లు అన్నిచోట్లా కరుణ అనలేదు. 1 యోహాను 2:2లో అది శాంతికరం, 4:10లో ప్రాయశ్చిత్తం. ఈ వచనాల్ని పక్కపక్కన పెట్టుకుని చదవకపోతే ఒకే సంగతి అని తెలియదు.

రోమా 3:25లో ఇంకో మాట ఉంది, దాని మీద నేను చాలాసేపు ఆగిపోయాను. "కరుణాధారముగా బయలుపరచెను." బయలు అంటే మనకి ఆరుబయట, ఊరి ముందు ఖాళీ స్థలం. కప్పోరెత్ ఎక్కడుండేది? తెర వెనక, అతిపరిశుద్ధ స్థలం అనే కిటికీ లేని చీకటి గదిలో. ఏడాదికి ఒక్క రోజు, ఒక్క మనిషి, అదీ పొగలో చూసేవాడు. బబులోనువాళ్లు సొలొమోను మందిరాన్ని కాల్చేశాక అది మళ్ళీ కనపడలేదు. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపీ లోపలికి వెళ్తే అతిపరిశుద్ధ స్థలం ఖాళీగా ఉంది. పౌలు నాటి ప్రధానయాజకుడు ధూపార్తి పెట్టింది నేల మీద మూడు వేళ్ల ఎత్తున్న ఒక రాయి మీద, ఆ సంగతి మిష్నా అనే పాత యూదు ధర్మగ్రంథంలో ఉంది. అలాంటి రోజుల్లో పౌలు, దేవుడు యేసుని బయలుపరచాడు అని రాశాడు. ఊరి బయట సిలువ మీద, దారిన పోయేవాళ్లందరి ముందు, రక్తంతో సహా. గ్రీకులోనూ అందరి ముందు ఉంచడం అనే అర్థం వస్తుంది, కానీ 'బయలు' అన్నప్పుడు ఆ చీకటి గది గోడలు నా కళ్ల ముందు తెరుచుకున్నాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ బ్రదర్. రేపు పిల్లలకి వీటిలో ఏది చెప్పాలో తెలియడం లేదు, అన్నీ చెప్పాలనిపిస్తోంది.

జవాబు

అన్నీ వద్దు టీచర్ గారూ. ఒక్కటి చేయండి. మూతని గమ్‌తో అంటించేసి ఉంటే మెల్లగా ఊడదీయండి. నిర్గమకాండం 40:20లో మోషే వరుస చూడండి: ముందు శాసనాలు (ఆజ్ఞల పలకలు) లోపల, తర్వాత మోతకర్రలు, చివర పైన కరుణాపీఠం. పది ఆజ్ఞలు కాగితం మీద పిల్లల చేతే రాయించి, అందులో తను తప్పిన ఆజ్ఞ ఏదో ఒక్కొక్కరూ మనసులో అనుకున్నాక, పెట్టెలో పెట్టించండి. తర్వాత మూత ఆ పాప చేతికి ఇచ్చి పెట్టమనండి.