మెట్ల కింద పౌడర్ రూమ్: ముదురు రంగు వేస్తే ఇరుకైపోతుందా?

ప్రశ్న:
హాలు పక్కన మెట్ల కింద 3.5 అడుగుల వెడల్పు, 5.5 అడుగుల పొడవు చోటు ఉందండి. ఇంటికొచ్చినవాళ్ల కోసం కమోడ్, వాష్ బేసిన్ మాత్రమే పెడతాం. షవర్ లేదు, కిటికీ లేదు. నాకేమో ముదురాకుపచ్చ గోడలు, రాతి టేబుల్ టాప్ బేసిన్, ఇత్తడి రంగు ఫిటింగ్స్ కావాలని ఉంది. ఇంట్లోవాళ్లు "అసలే అగ్గిపెట్టెంత గది, తెల్ల టైల్స్ వేసెయ్" అంటున్నారు. గోడలకింకా ప్లాస్టరింగ్ కాలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు 1:
నిరభ్యంతరంగా ముదురు రంగే వెయ్యండి. కిటికీ లేని గదిలో తెలుపు వేసినంత మాత్రాన వెలుతురు రాదు, గోడలు మసకగా కనిపిస్తాయంతే. షవర్ లేదు కాబట్టి ఆవిరి పట్టదు. బేసిన్ వెనకా, కమోడ్ చుట్టూ నడుం ఎత్తు దాకా టైల్స్ చాలు. ఆ పైన కడగదగ్గ పెయింట్ గానీ వాల్‌పేపర్ గానీ నిలుస్తుంది. సీలింగ్‌కీ అదే రంగు కొట్టించండి, మెట్ల వాలు ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు.

జవాబు 2:
రంగుదేముందండీ, నచ్చకపోతే రెండు రోజుల్లో మార్చుకోవచ్చు. గోడ లోపలికి వెళ్లేవాటినే ప్లాస్టరింగ్‌కి ముందు తేల్చుకోవాలి.

మొదట బేసిన్. టేబుల్ టాప్ బేసిన్ 5, 6 అంగుళాల ఎత్తుంటుంది. దాన్ని 32 అంగుళాల కౌంటర్ మీద పెడితే అంచు 38కి పోతుంది. చేతులు కడుక్కున్నవాళ్లకి నీళ్లు మోచేతుల దాకా కారతాయి. అంచు నేల నుంచి 33, 34 అంగుళాల దగ్గర ఉండాలి, అంటే కౌంటర్ 28 దగ్గర. కుళాయి గోడలోంచి వచ్చేలా పెడితే కౌంటర్ లోతు తగ్గించుకోవచ్చు, మీ గదికి అదే మంచిది. కానీ బేసిన్ కొని దగ్గర పెట్టుకున్నాకే పైపు పాయింట్ ఇవ్వండి. కుళాయి మూతి పొట్టిదైతే ధార అంచు మీద పడి కౌంటరంతా చిందుతుంది. ఇత్తడి రంగంటారా, కంపెనీకో ఛాయ ఉంటుంది. కుళాయి, ఫ్లష్ ప్లేట్, టవల్ కొక్కెం ఒకే చోట తీసుకోండి.

కమోడ్‌ని మెట్ల వాలు కిందికి దిగిన వైపు పెడతారు కదా, అక్కడ తల సంగతి చూసుకోండి. ఇంట్లో అందరికంటే పొడుగైన మనిషిని కమోడ్ ఎదుట నిలబెట్టి, కూర్చోబెట్టి, లేపి చూడండి. పక్క గోడకీ కమోడ్ మధ్యరేఖకీ కనీసం 15 అంగుళాలుండాలి, మీ 3.5 అడుగుల వెడల్పులో మధ్యన పెడితే 21 దొరుకుతుంది. గోడకి వేలాడే కమోడ్ అయితే ట్యాంకు గోడలో దాగుతుంది, కింద నేల తుడుచుకోవడం తేలిక.

లైటు పాయింట్లు అద్దానికి రెండు పక్కలా, కళ్లెత్తులో ఇవ్వండి. సీలింగ్ లైటొక్కటే ఉంటే కళ్ల కింద నీడలు పడి, వచ్చిన చుట్టం అద్దంలో పదేళ్లు పెద్దగా కనిపిస్తారు. 2700 నుంచి 3000 కెల్విన్ లైట్లు, అంటే పసుపు ఛాయ ఉన్నవి, ఇత్తడికీ ఆకుపచ్చకీ నప్పుతాయి.

అడిగినవారు:
చాలా థాంక్సండి. తలుపు లోపలికి తెరిస్తే బేసిన్‌కి తగిలేలా ఉంది. స్లైడింగ్ పెట్టించనా?

జవాబు 3:
వద్దనే నా మాట. స్లైడింగ్ తలుపుకి చుట్టూ సందులుంటాయి, హాలు పక్కనే గది! లోపలి చప్పుడు బయట వినిపిస్తుందేమోనని వచ్చినవాళ్లు కుళాయి తిప్పుకుని కూర్చోవాల్సి వస్తుంది. బయటికి తెరుచుకునే మామూలు తలుపే పెట్టండి, బోలుది కాకుండా గట్టి చెక్కది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ నిమిషానికి కనీసం 50 ఘనపుటడుగుల గాలి లాగేది చూసుకుని, గొట్టం ఇంటి బయటికే తియ్యండి. మెట్ల కింది ఖాళీలోకి వదిలేస్తే వాసన అక్కడే తిరుగుతుంది.

జవాబు 2:
తలుపు విషయంలో నాదీ అదే మాట. కాకపోతే కింద ముప్పావు అంగుళం సందు వదలాలి. లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ తిరగడమే గానీ లాగేదేమీ ఉండదు. ఆ సందులోంచి వచ్చే చప్పుడు ఫ్యాన్ మోతలో కలిసిపోతుంది లెండి.

జవాబు 4:
వాసన మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. అతిథుల బాత్రూమ్ రోజూ వాడరు. నేల మీది జాలీ కింద నీళ్లు నిలిచి వాసనని ఆపే ఫ్లోర్ ట్రాప్ ఉంటుంది కదా, అందులో నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ వాసన నేరుగా పైకొస్తుంది. ఎంత ఖరీదైన బేసిన్ పెట్టినా తలుపు తీయగానే అదే తగులుతుంది.

అడిగినవారు:
అయితే ఫ్లోర్ ట్రాప్ మానేస్తే సరిపోతుందా?

జవాబు 4:
మానెయ్యకండి, ఎప్పుడైనా పైపు లీకైతే నీళ్లు హాల్లోకి వస్తాయి. బేసిన్ నీళ్లు ఆ ట్రాప్ గుండానే పోయేలా కలపమని ప్లంబర్‌కి చెప్పండి, చేతులు కడిగినప్పుడల్లా అది నిండుతుంది. చాలా రోజులు ఎవరూ రాకపోతే ఓ మగ్గు నీళ్లు మీరే పొయ్యండి, కమోడ్ కూడా ఒకసారి ఫ్లష్ చెయ్యండి.