గ్యాస్ మాత్రకి చేతులు వణికాయి, పాసిటేన్‌కి అమ్మ తికమకపడుతోంది. ఏది ఆపాలి?

గుంటూరు_అబ్బాయి:
అమ్మకి 68 ఏళ్లు. కడుపుబ్బరానికని మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన లెవోసల్పిరైడ్ కలిసిన గ్యాస్ మాత్ర నెలల తరబడి వేసుకుంది. చేతులు వణుకుతూ, అడుగులు చిన్నవైపోయేసరికి టౌన్లో చూపిస్తే పార్కిన్సన్ లక్షణాలన్నారు, పాసిటేన్ 2 ఎంజీ రోజుకి మూడు రాశారు. వణుకు తగ్గింది గానీ నోరు పిడచకట్టుకుపోతోంది, విరేచనం కావట్లేదు, రాత్రిళ్లు గోడ దగ్గర ఎవరో నిలబడ్డారంటోంది. గ్యాస్ మాత్ర ఇంకా నడుస్తూనే ఉంది. పాసిటేన్ ఆపేయనా?

మందుల_షాపు:
ముందు తేల్చాల్సింది గ్యాస్ మాత్ర సంగతి! లెవోసల్పిరైడ్ మెదడులో కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. వాంతులకిచ్చే పెరినార్మ్, స్టెమెటిల్, కళ్లు తిరిగితే ఇచ్చే సినారిజిన్ కూడా ఆ బాపతే. డోపమైన్ పని తగ్గితే ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనానిది పైచేయి అవుతుంది, పాసిటేన్ దాన్ని అణుస్తుందంతే, అసలు కారణం అలాగే ఉంటుంది. డాక్టర్‌కి చెప్పి ఆ మాత్ర మాన్పించండి, వణుకు పూర్తిగా తగ్గడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

సైకియాట్రీ_పీజీ:
పాసిటేన్ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, కానీ రేపే డాక్టర్‌తో మాట్లాడండి. ఈ వయసులో ఆ మందుకి తికమక, లేనివి కనిపించడం మామూలే, అందుకే పెద్దవాళ్లకి రాయడానికి మేం వెనకాడతాం. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే చెప్పండి. మూత్రం ఆగిపోయినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా రేపటిదాకా ఆగొద్దు, క్యాజువాల్టీకి తీసుకెళ్లండి. అలాగని పనికిరాని మందు కాదు, మానసిక జబ్బుకిచ్చే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ తర్వాత మెడ ఒక పక్కకి తిరిగిపోయిన కుర్రాడికి ఫెనర్గాన్ ఇంజెక్షన్ చేస్తే చాలాసార్లు అరగంటలోపే సర్దుకుంటుంది. అదీ పాసిటేన్‌లా ఎసిటైల్‌కోలిన్‌ని అణిచే జాతి మందే.

తమ్ముడి_అక్క:
మా తమ్ముడు మానసిక జబ్బుకిచ్చే రిస్పెరిడోన్‌తో పాటు పాసిటేన్ ఏళ్లుగా వాడుతున్నాడండీ. ఈ మధ్య మూతి చప్పరిస్తున్నట్టు దానంతటదే కదులుతోంది. డోసు పెంచమని అడగనా?

సైకియాట్రీ_పీజీ:
వద్దమ్మా. మీరు చెప్పేది టార్డివ్ డిస్కినీషియాలా ఉంది, అంటే ఇలాంటి మందులు ఏళ్లుగా వాడితే వచ్చే అదుపులేని కదలికలు, దానికి పాసిటేన్ పెంచితే ఇంకా ఎక్కువవ్వొచ్చు. టెట్రాబెనజిన్ లాంటివి వేరే ఉన్నాయి, రిస్పెరిడోన్ మాత్రం మీరుగా ఆపకండి. అవసరం లేకున్నా ముందు జాగ్రత్తగా అందరికీ పాసిటేన్ తగిలించొద్దని డబ్ల్యూహెచ్ఓ 1990లోనే చెప్పింది, మన దగ్గర చీటీ మీద అది ఒకసారి ఎక్కితే దిగదు.

గుంటూరు_అబ్బాయి:
థాంక్సండీ. రేపు పొద్దున స్ట్రిప్పులన్నీ పట్టుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం. సంచి వెతికితే కళ్లు తిరుగుతున్నాయని కొనుక్కున్న సినారిజిన్ కూడా దొరికింది.