హైదరాబాదు నుండి నోయిడాకు ఇల్లు మారుతున్నాం: ఏవి తీసుకువెళ్లాలి, ఏవి ఇక్కడే వదిలేయాలి?

ప్రశ్న: ఉప్పల్ గృహిణి

అందరికీ నమస్కారం. మావారు పనిచేసే ప్రైవేటు సంస్థ ఆయనను నోయిడాకు బదిలీ చేసింది. కనీసం మూడేళ్లు అక్కడే ఉండవలసి వస్తుందట. అమ్మాయికి ఎనిమిదో తరగతి పరీక్షలు ముగియగానే, ఉగాది వెళ్లాక, మార్చి నెలాఖరులో ఉప్పల్‌లోని అద్దె ఇల్లు ఖాళీ చేద్దామని అనుకుంటున్నాం. మా అత్తగారు కూడా మాతోనే వస్తున్నారు. రెండు పడకగదుల ఇంటి సామాను మాది. అందులో అత్తగారి టేకు మంచం, అట్టచెక్కతో (పార్టికల్ బోర్డుతో) చేసిన రెండు వార్డ్‌రోబులు, ఫ్రిజ్, ముందు తలుపున్న వాషింగ్ మెషీను, తడి గ్రైండరు, ఏడేళ్ల నాటి రెండు ఏసీలు, ఒక కూలరు ఉన్నాయి. ఇవి కాక 2017లో కొన్న డీజిలు కారు, ఒక స్కూటరు ఉన్నాయి.

ముగ్గురు ప్యాకర్లను ఫోనులో అడిగితే ముగ్గురూ మూడు ధరలు చెప్పారు. ఒకరు చెప్పిన ధర మిగతావారి ధరలో దాదాపు సగమే ఉంది. ఎవరిని నమ్మాలో, ఏ పని ముందు మొదలుపెట్టాలో అర్థం కావడం లేదు. ఇంత దూరం ఇల్లు మార్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: నోయిడా తెలుగు

అమ్మా, ప్యాకర్ల సంగతి తర్వాత చూడవచ్చు. ముందుగా ఏవి తీసుకువెళ్లకూడదో తేల్చుకోండి, ఎందుకంటే కిరాయి సామాను పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మూడేళ్ల తర్వాత తిరిగి వచ్చే అవకాశం ఉంది కాబట్టి ప్రతి వస్తువుకూ రెండు ప్రయాణాల ఖర్చు లెక్క వేసుకోవాలి.

అత్తగారి టేకు మంచం తప్పకుండా తీసుకువెళ్లండి. టేకు విప్పి బిగించినా చెడదు, పైగా పెద్దవారికి కొత్త ఊరిలో తన మంచం మీద పడుకోవడమే సగం ధైర్యం. అట్టచెక్క వార్డ్‌రోబుల సంగతి అలా కాదు. ఒకసారి మరలు విప్పితే రంధ్రాలు వదులైపోయి, మళ్లీ బిగించినా తలుపులు సరిగా నిలబడవు. వాటిని ఇక్కడే అమ్మేయడం మంచిది. ఏడేళ్ల ఏసీలను విప్పించి, గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగించి, అక్కడ కొత్త రాగి గొట్టాలు కొని మళ్లీ బిగించే ఖర్చు చూస్తే, ఎండలు ముదురుతున్న మార్చిలో హైదరాబాదులోనే అమ్మేయడం లాభం. కూలరూ అంతే. గ్రైండరును మాత్రం వదలకండి. రాళ్లను బయటికి తీసి విడివిడిగా గుడ్డల్లో చుట్టించండి. అవి డ్రమ్ములోనే ఉంటే దారి కుదుపులకు దెబ్బతింటాయి.

వాషింగ్ మెషీను విషయంలో చాలామంది పట్టించుకోనిది ఒకటి ఉంది. ముందు తలుపు మెషీను కొన్నప్పుడు వెనుకవైపు డ్రమ్మును కదలకుండా పట్టి ఉంచే పొడవాటి బోల్టులు ఉంటాయి. బిగించే మెకానిక్ వాటిని తీసి మీ చేతికి ఇచ్చి ఉంటాడు. వాటిని వెదికి మళ్లీ బిగించకుండా మెషీనును లారీ ఎక్కించకండి. దొరకకపోతే ఆ కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగి తెప్పించుకోండి. ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, మంచు కరిగి, లోపల పూర్తిగా ఆరిన తర్వాతే కట్టించండి. దాన్ని నిలువుగానే ఉంచాలని ఒప్పంద పత్రంలో రాయించండి. నోయిడా చేరాక వెంటనే స్విచ్ వేయకుండా కొన్ని గంటలు ఆగండి.

ఇక కారు. దిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు నిండిన డీజిలు బండ్లపై నిషేధం ఉంది, నోయిడా ఆ ప్రాంతంలోకే వస్తుంది. ఆ నిషేధంపై సుప్రీంకోర్టులో వాదనలు, వెసులుబాట్లు నడుస్తున్నా, మీ కారుకు 2027లో పదేళ్లు నిండుతాయి కనుక ఆ గొడవ నెత్తిన పెట్టుకోవలసిన అవసరం లేదు. దానికి ఇక్కడ మంచి ధర వస్తుంది, అక్కడ రాదు. స్కూటరును ఉంచుకోవచ్చు. కాకపోతే బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కాబట్టి బయలుదేరే ముందే మీ ఆర్టీవో కార్యాలయంలో ఫారం 28 ఇచ్చి నిరభ్యంతర పత్రం తీసుకోండి. బండి మీద అప్పు ఉంటే బ్యాంకు అంగీకారం కూడా కావాలి.

నోయిడా అపార్ట్‌మెంట్లలో సామాను దించడానికి సొసైటీ కార్యాలయం అనుమతి ముందే తీసుకోవాలి. సామాను లిఫ్టు ఏ వేళల్లో వాడుకోవచ్చో, పెద్ద కంటైనరు గేటు లోపలికి వస్తుందో రాదో ఇప్పుడే అడిగి ఉంచుకోండి. రాదంటే గేటు దగ్గర చిన్న బండిలోకి మార్చే ఖర్చు ఎవరిదన్నది ఇక్కడే తేలాలి.

జవాబు: లారీ ఆఫీసు మనిషి

నేను చాలాకాలం రవాణా కార్యాలయంలో బుకింగు చూశాను. ధరల గురించి నేను చెబుతాను.

ఫోనులో చెప్పే ధర ధర కాదు. ఎవరినైనా ఇంటికి పిలిచి, అటక మీది గిన్నెల నుండి బాల్కనీలోని కుండీల వరకు చూపించి, ప్రతి వస్తువునూ జాబితాగా రాయించి, దాని కిందే మొత్తం ధర వేయించండి. ప్యాకింగు, ఎక్కింపు, దింపుడు, మెట్లకూలీ, టోలు, జీఎస్టీ అన్నీ ఆ అంకెలోనే ఉన్నాయని రాతపూర్వకంగా ఉండాలి. సగం ధర చెప్పినవారిని నేనైతే పక్కన పెడతాను. మా బంధువుల సామాను తీసుకువెళ్లిన ఒక సంస్థ బయలుదేరే ముందు తక్కువ చెప్పి, లారీ దారిలో ఉండగా ‘బరువు పెరిగింది, మిగతా డబ్బు వేస్తేనే బండి కదులుతుంది’ అని పట్టుబట్టింది. చేతిలో జాబితా లేనందువల్ల వారు బేరం ఆడలేకపోయారు. అందుకే అడ్వాన్సు తక్కువ ఇవ్వండి. మిగతా పైకంలో పెద్ద భాగం దింపిన తర్వాతే ఇస్తామని ముందే ఒప్పించండి.

‘ఆక్ట్రాయి, ఎంట్రీ ట్యాక్సు’ (ఊరిలోకో రాష్ట్రంలోకో సరుకు వచ్చినప్పుడు వేసే పాత పన్నులు) అంటూ అదనంగా అడిగితే ఇవ్వనవసరం లేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడే అవి అందులో కలిసిపోయాయి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా అక్కర్లేదు.

మీ సామానుతో ఒక లారీ నిండదు కనుక ఇతరుల సామానుతో కలిపి పంపుతారు. కిరాయి తగ్గుతుంది గానీ, దారిలో గోదాములో దించి మరో బండికి ఎక్కించే అవకాశం ఉంటుంది. ఎక్కువగా పగిలేదీ, పెట్టెలు తప్పిపోయేదీ అక్కడే. బండి మార్చరాదని షరతు పెట్టండి. కుదరదంటే ప్రతి పెట్టె మీదా వరుస అంకె, మీ పేరు, నోయిడా అని నాలుగు వైపులా రాయించి, ఆ అంకెల జాబితా మీ దగ్గర ఉంచుకోండి.

బీమా విషయంలో జాగ్రత్త. విలువలో మూడు శాతం అంటూ ప్యాకరు వసూలు చేసేది చాలాసార్లు బీమాయే కాదు, అతని సొంత హామీ మాత్రమే. బీమా కంపెనీ మీ పేరు మీద ఇచ్చిన పాలసీ కాగితం చూశాకే డబ్బు ఇవ్వండి. లారీ రసీదు, అంటే బిల్టీ, లేకుండా సామాను గుమ్మం దాటనివ్వకండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం నష్టం జరిగితే, బుకింగు తేదీ నుండి 180 రోజుల లోపు రవాణాదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది ఇవ్వకుండా దావా నిలవదు. ముందుగా సామాను విలువ ప్రకటించి అదనపు రుసుం కట్టకపోతే పరిహారం కిరాయికి పది రెట్లకు మించదని 2011 నాటి నియమాలు చెబుతున్నాయి. మాట తేడా వస్తే 1915 వినియోగదారుల సహాయ నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే చోటే, అంటే నోయిడా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌లోనే, కేసు వేసుకోవచ్చు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు

సామాను గురించి పెద్దలు చెప్పారు. నాకు అమ్మాయి చదువు గురించే ఆందోళనగా ఉంది. ఎనిమిది ముగిసి తొమ్మిదిలో చేరే సమయంలో మారడం మంచిదే. సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతిలో విద్యార్థి పేరు బోర్డు దగ్గర నమోదవుతుంది, ఆ తర్వాత పదిలో బడి మారాలంటే బోర్డు అనుమతి కావాలి. టీసీ మీద అమ్మాయి పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) ఉందో లేదో చూసుకోండి. పాత బడివారు ఆన్‌లైన్‌లో కూడా ఆమెను విడుదల చేయాలి. అది చేయకపోతే కొత్త బడివారు ఇబ్బంది పడతారు.

రెండో భాషగా తెలుగు చదువుతూ ఉంటే అక్కడ ఏ భాషలు ఉన్నాయో సీటు తీసుకునే ముందే అడగండి. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు దిల్లీలో ఉన్నాయి గానీ, నోయిడా నుండి రోజూ వెళ్లి రావడం పిల్లకు భారమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. అమ్మాయికి వైద్యవిద్య ఆలోచన ఉంటే ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. తెలంగాణలో స్థానిక అభ్యర్థిగా పరిగణించాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుండి పన్నెండు వరకు, రాష్ట్రంలోనే వరుసగా చదివి ఉండాలి. 2024లో వచ్చిన ఆ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల వంటి కొన్ని వర్గాల పిల్లలకు ఇచ్చిన మినహాయింపు ప్రైవేటు ఉద్యోగుల పిల్లలకు లేదు. అందువల్ల తల్లీబిడ్డలు ఇక్కడే ఉండి, తండ్రి ఒక్కరే వెళ్లడం కూడా పరిశీలించదగిన మార్గమే.

ప్రశ్నించినవారి స్పందన: ఉప్పల్ గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. స్థానికత నిబంధన మాకు తెలియదు. అమ్మాయి ఇంజనీరింగు వైపే మొగ్గు చూపుతోంది. అయినా ఈ వారం ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్న తర్వాతే ఇంటి యజమానికి ఖాళీ చేస్తున్నట్లు చెబుతాం. వార్డ్‌రోబులు, ఏసీలు, కారు మాత్రం అమ్మకానికి పెట్టేశాం. మరో మూడు సంగతులు మిగిలాయి: గ్యాసు కనెక్షను, స్కూటరు, అత్తగారి ఊరగాయ జాడీలు.

జవాబు: నోయిడా తెలుగు

గ్యాసుకు సిలిండరు, రెగ్యులేటరు రెండూ ఏజెన్సీలో అప్పగించి, డిపాజిట్టు తిరిగి తీసుకుని, టెర్మినేషన్ వోచరు (పాత కనెక్షను ముగిసిందని ఇచ్చే కాగితం) అడగండి. నోయిడాలో కొత్త ఏజెన్సీకి ఆ కాగితమే చూపాలి. లారీలో సిలిండరు పంపకూడదు.

స్కూటరును లారీలోనే పంపవచ్చు, లేదా నాంపల్లి నుండి న్యూదిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో పార్శిలుగా వేయవచ్చు. పెట్రోలు పూర్తిగా తీయించి, గోనె పట్టాతో చుట్టించి, ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు తీసుకుని పార్శిలు కార్యాలయానికి వెళ్లండి. బయలుదేరే స్టేషను, చేరే స్టేషను, మీ పేరు రాసిన అట్టను హ్యాండిలుకు గట్టిగా కట్టండి.

ఊరగాయను ప్యాకర్లకు ఇవ్వకండి. నూనె కారితే పక్క పెట్టెలోని బట్టలన్నీ పోతాయి. పచ్చడిని మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బాల్లోకి మార్చి, పైన నూనె తేలేలా పోసి, మూత చుట్టూ టేపు వేసి రైలులో మీ వెంట తీసుకువెళ్లండి. ఖాళీ జాడీలను కడిగి, ఎండబెట్టి, లోపల పాత బట్టలు కుక్కి లారీకి ఇవ్వండి. మే నెలలో అత్తగారు ఆవకాయ పెడతానంటే ముక్కలు కొట్టించుకునే మామిడికాయల కోసం ఇప్పుడే బెంగపడవద్దని చెప్పండి. దిల్లీలో పచ్చడి మామిడి బాగానే దొరుకుతుంది. కారం మాత్రం రెండు కిలోలు ఎక్కువగానే సర్దుకోండి.