అప్పులవాళ్లతో రాజీ పడితే ఓటేసినవాళ్లకు ద్రోహమేనా? (గ్రీసు, 2015)

ముమ్మిడివరం
పింఛన్లు, జీతాల కోతలు ఆపుతామని చెప్పి 2015 జనవరిలో వామపక్ష పార్టీ సిరిజా గెలిచింది. నెల తిరక్కుండా, ఫిబ్రవరి 20న, పాత అప్పు ఒప్పందాన్నే నాలుగు నెలలు పొడిగించుకుంది. అప్పిచ్చిన ముగ్గురి (యూరోపియన్ కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు, ఐఎంఎఫ్) కూటమికున్న 'ట్రోయికా' పేరు 'సంస్థలు'గా మారింది, అంతే. ద్రోహం ఆ రోజే జరిగింది. 1941లో అక్రోపొలిస్ మీంచి నాజీ జెండా దించిన మనోలిస్ గ్లెజోస్ ఆ పార్టీ మనిషే. ఈ భ్రమలో తానూ భాగమైనందుకు ప్రజల్ని క్షమించమన్నాడు.

దాళ్వా రైతు, తణుకు
గ్లెజోస్ గారంటే గౌరవమేనండి, కానీ ఫిబ్రవరిని ద్రోహమంటే ఒప్పుకోను. మా నాన్న కౌలుకి చేసేవారు. మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయాలి. అప్పిచ్చినాయన అరుగు మీద వడ్డీని అసల్లో కలిపి, కొత్త కాగితానికి రెవెన్యూ స్టాంపు అంటించి ముందుకి తోశారు. నాన్న పెన్ను పట్టుకుని కాసేపు ఆ అంకె వంకే చూశారు. ఊడ్పులకి చేతిలో రూపాయి లేదు, పెట్టేశారు. రాత్రి అన్నాల దగ్గర ఎంతకి సంతకం పెట్టిందీ అమ్మకి చెప్పారు. పంట ఇంటికొచ్చేదాకా గడువు తెచ్చుకోవడం తప్పెలా అవుతుంది? గ్రీసు ఖజానా కూడా అప్పుడు ఖాళీయే.

తప్పు జులైలో. బ్యాంకులు మూతపడి, రోజుకి 60 యూరోల కోసం క్యూల్లో నిలబడ్డ జనం, అప్పులవాళ్ల షరతుల మీద 5వ తేదీన సర్కారు పెట్టిన ఓటింగులో, 61 శాతం పైగా 'వద్దు' అన్నారు. ఎనిమిదో రోజున ప్రధాని సిప్రాస్ 'సరే' అనేసి వచ్చాడు. 86 బిలియన్ యూరోల దాకా కొత్త అప్పు, దానికి పింఛన్ల కోత, వ్యాట్ పెంపు, ప్రభుత్వ ఆస్తులు అమ్మే నిధి.

భీమవరం మాస్టారు
ఒప్పుకోకపోతే యూరోలోంచి బయటికే కదా? బ్యాంకులకి నగదు తాడు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు చేతిలో ఉంది. సెప్టెంబరులో ఆ జనమే మళ్లీ సిప్రాస్‌ని గెలిపించారు.

దాళ్వా రైతు, తణుకు
గెలిపించారు మాస్టారూ, నిజమే. కానీ అప్పటికి ఒప్పందం అయిపోయింది, ఓటుకి రానివాళ్లూ బోలెడుమంది. 2011 సార్వాకి కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అన్నప్పుడు, ముందు చేలు బీడు పెట్టుకోవడానికి సిద్ధపడ్డారు. 'వద్దు' అంటే ఏం పోతుందో తెలిసే అన్నారు. యూరో వదలడానికి సిద్ధంగా లేమన్న మాట సిప్రాస్ ఓటు పెట్టకముందే చెప్పాల్సింది. అమ్మకి మా నాన్న ఆ రాత్రే చెప్పారండి.