వరద సాయం జాబితాలో పేరు లేదు, పని కూడా పోయింది: ముందు ఎక్కడ అర్జీ పెట్టుకోవాలి?

ప్రశ్న: సింగ్‌నగర్ అద్దెదారు, విజయవాడ (2024 అక్టోబరు చివరి వారం)

అందరికీ నమస్కారం. విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఒక రెండంతస్తుల ఇంటి కింది భాగంలో మేము ఆరేళ్లుగా అద్దెకు ఉంటున్నాము. సెప్టెంబరు 1వ తేదీ ఆదివారం బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు, చేతికి అందిన బట్టల మూట, పాప పుస్తకాల సంచి తప్ప మరేమీ పైకి తీసుకుపోలేకపోయాము. ఇంటివారు పై అంతస్తులో తమ గదిలోనే మమ్మల్ని మూడు రోజులు ఉంచుకున్నారు; ఆ తరువాత పడవ దొరకగానే తెనాలిలో మా అత్తగారింటికి చేరుకున్నాము. నీళ్లు తీశాక వచ్చి తలుపు తీస్తే గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత ఉంది. బియ్యం బస్తా ఉబ్బి, కుట్టు విడిపోయి, గింజలన్నీ మంచం కిందకు పారి మొలకలు వచ్చాయి. మా ఆవిడ జాకెట్లు కుట్టి సంపాదించే కుట్టుమిషను చక్రం తుప్పు పట్టి కదలనంటోంది.

మేము తెనాలిలో ఉన్న రోజుల్లోనే నష్టం రాసుకునే సిబ్బంది వచ్చి వెళ్లారట. మా వాటా తాళం వేసి ఉండడంతో పై అంతస్తులోని ఇంటివారి పేరు మాత్రమే నమోదైంది. నా ఆధార్ ఇప్పటికీ తెనాలి చిరునామాతోనే ఉంది, కరెంటు బిల్లు ఇంటివారి పేరున ఉంది. కింది అంతస్తు ఇళ్లకు ప్రకటించిన రూ.25,000 మా వీధిలో చాలామందికి సెప్టెంబరు 25 నుంచి ఖాతాల్లో పడింది. నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "చూస్తాము, మళ్లీ రండి" అనే మాట తప్ప కాగితం మీద ఏమీ ఇవ్వలేదు.

ఇది ఇలా ఉండగా, నేను ఆరేళ్లుగా పనిచేస్తున్న ప్లాస్టిక్ సామాన్ల యూనిట్‌లో యంత్రాలు నీట మునిగాయి. యజమాని మా 14 మందినీ పిలిచి, ఇక నడపలేనని చెప్పి, ఆగస్టు జీతం చేతిలో పెట్టి పంపించారు. నెలకు రూ.16,500 జీతం, అందులో పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల బీమా) కోత ఉండేది. పని పోయినవారికి ఈఎస్ఐ నుంచి భృతి వస్తుందని ఒకరు, వరద సాయం తీసుకుంటే అది రాదని మరొకరు అంటున్నారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమా? ముందు దేని వెంట పడాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, గుంటూరు

నాయనా, మీరు రాసినది చదివి మనసు కలుక్కుమంది. ఉద్యోగంలో ఉండగా కృష్ణా వరదలప్పుడు నష్టాల నమోదుకు ఇంటింటికీ తిరిగినవాణ్ని కనుక, వరద సాయం సంగతి నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఈఎస్ఐ సంగతి ఆ పని రోజూ చేసేవారు చెప్పడమే మంచిది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి: వరద సాయం ఇంట్లో పోయిన సామాన్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది, ఈఎస్ఐ భృతి మీ జీతంలోంచి కోత పెట్టి కట్టిన చందా మీద వచ్చేది. ఒకటి తీసుకున్నంత మాత్రాన మరొకటి పోదు.

విపత్తు సహాయ నిధికి కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం చూస్తే, నీట మునిగిన ఇంట్లో బట్టలకు రూ.2,500, వంటపాత్రలు, ఇంటి సామాన్లకు రూ.2,500 మాత్రమే వస్తాయి. విజయవాడ వరదలో కింది అంతస్తువారికి రూ.25,000, పై అంతస్తులవారికి రూ.10,000 అన్నది రాష్ట్ర ప్రభుత్వం అంతకు మించి ప్రత్యేకంగా ప్రకటించిన సాయం. నీళ్లు చేరని పై అంతస్తుకు తక్కువ, మునిగిన కింది వాటాకు ఎక్కువ పెట్టారంటే, లెక్కలోకి తీసుకున్నది ఆ వాటాలో తడిసిన సామాను అని అర్థం. ఆ సామాను మీది. కాబట్టి మీ అర్జీలో "నాకు సాయం అందలేదు" అని ఊరుకోకుండా, "ఫలానా డోర్ నంబరులో కింది వాటా వేరు, పై వాటా వేరు, వంటిళ్లు రెండు, కింది వాటాలో ఆరేళ్లుగా కాపురం ఉంటున్నది మేము, ఆ వాటా నమోదు కాలేదు" అని స్పష్టంగా రాయండి. మా రోజుల్లో తాళం వేసిన ఇల్లు కనబడితే డోర్ నంబరు ఎదురుగా "డోర్ లాక్" అని రాసుకుని మర్నాడు మళ్లీ వెళ్లేవాళ్లం. అలా వెళ్లకుండా వదిలేసిన ఇల్లు కాగితం మీద ఇక లేనట్టే, అది ఉందని చూపించే భారం పాపం ఆ ఇంటివారి మీదే పడుతుంది.

ఆధార్ తెనాలిలో ఉందని బెంగ పెట్టుకోకండి, దానికి బదులు ఇక్కడి కాపురాన్ని చూపించే కాగితాలు పోగుచేయండి. నెలనెలా ఫోన్‌పేలో ఇంటివారికి పంపిన అద్దె, గ్యాస్ బండ అందిన రసీదు మీద చిరునామా, పాప బడి గుర్తింపు కార్డు, బురద గీత కనిపించేలా మీరు తీసిన ఫొటోలు, వీటిలో ఏ మూడు దొరికినా సరిపోతుందని నా అనుభవం. అన్నిటికన్నా బలమైనది ఇంటి యజమాని రాసి ఇచ్చే ఉత్తరం. పై అంతస్తుకు వచ్చిన సొమ్ముకు మీ అర్జీ వల్ల ఎసరు రాదని ఆయనకు ముందే నెమ్మదిగా చెప్పండి, ఎందుకంటే ఆ భయంతోనే చాలామంది సంతకానికి వెనకాడతారు. గోడలకు సున్నం మాత్రం ఇప్పుడే వేయించకండి.

అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకటి వార్డు సచివాలయంలో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటి మాట నీటి మూట అన్నారు, మీరు మూడుసార్లు తిరిగినందుకు ఈరోజు మీ చేతిలో ఒక్క రుజువైనా లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. తరువాతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని ఇవ్వండి. అక్కడ కంప్యూటర్‌లో ఎక్కించి నంబరుతో రసీదు ఇస్తారు. ఆ నంబరుతో 1100కు ఫోన్ చేస్తే అర్జీ ఎవరి దగ్గర ఉందో తెలుస్తుంది. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో మీ డోర్ నంబరుకు సంబంధించిన నమోదు పత్రం నకలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

జవాబు 2: పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు చూసే అకౌంటెంట్, విజయవాడ

అన్నయ్య గారూ, పెద్దాయన చెప్పినట్టు రెండూ వేరు వేరు. ఈఎస్ఐ వైపు సంగతి నేను చెబుతాను.

మీరు ఇప్పుడు అడగవలసినది అటల్ బీమిత వ్యక్తి కళ్యాణ్ యోజన. 2018 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చి, గడువు పొడిగిస్తూ వచ్చిన పథకం ఇది. పని పోయినవారికి సగటు రోజు సంపాదనలో మొదట 25 శాతం ఇచ్చేవారు, 2020 మార్చి 24 నుంచి దాన్ని 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులకు, అదీ జీవితంలో ఒక్కసారే ఇస్తారు. ఆ సగటును గడిచిన నాలుగు చందా కాలాల (ఒక్కోటి ఆరు నెలలు) మొత్తం సంపాదనను 730 రోజులతో భాగించి కడతారు. మీ జీతం రెండేళ్లుగా రూ.16,500 ఉంటే రోజుకు సుమారు రూ.542, అందులో సగం రూ.271, 90 రోజులకు దాదాపు రూ.24,400 అవుతుంది. కనీసం రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండడం, పని పోవడానికి ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులు, దానికి ముందటి మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా పడి ఉండడం ముఖ్యమైన షరతులు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక కాలం, అక్టోబరు నుంచి మార్చి వరకు ఒక కాలం. ఆరేళ్లు ఏకధాటిగా పనిచేసిన మీకు ఇది అడ్డు కాకూడదు. పని పోయిన 30 రోజుల తరువాత యజమాని ప్రమేయం లేకుండా మీరే ఈఎస్ఐ పోర్టల్‌లో దావా (క్లెయిమ్) వేయవచ్చు.

చిక్కు వచ్చేది మరోచోట. యజమాని మిమ్మల్ని తీసేసినట్టు ఈఎస్ఐ లెక్కల్లో ఉందా అన్నది ముందు చూసుకోవాలి. ప్రతి నెలా చందా రిటర్ను వేసేటప్పుడు, పని చేసిన రోజులు సున్నా ఉన్న కార్మికుడి ఎదురుగా ఒక కారణం ఎంచుకోవాలి: సెలవులో ఉన్నారు, ఉద్యోగం వదిలేశారు, పని లేదు, రిట్రెంచ్‌మెంట్ (యజమానే పనిలోంచి తీసేయడం), ఇలా వరుసగా ఉంటాయి. యూనిట్ మళ్లీ తెరుస్తారేమో అనే ఆశతోనో, లెక్కలు చూసేవారి తొందరలోనో చాలాచోట్ల "సెలవులో ఉన్నారు" అని పెట్టేస్తారు. అప్పుడు మీరు కాగితం మీద ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు లెక్క, దావా అక్కడే ఆగిపోతుంది. నేను ఈ పని చేసేదాన్ని కనుక చెబుతున్నాను, ఆ ఒక్క గడి సరిచేయించడానికి మనుషులు నెలల తరబడి కాళ్లరిగేలా తిరగడం చూశాను. మీ యజమాని జీతం ఇచ్చి మర్యాదగా పంపారంటున్నారు కాబట్టి ఆయన దగ్గరకు వెళ్లి చివరి పనిదినం, రిట్రెంచ్‌మెంట్ అనే కారణం సరిగా నమోదు చేయమని అడగండి. యూనిట్ మూసివేశామనే ఉత్తరం కూడా లెటర్‌హెడ్ మీద తీసుకోండి.

ఆ ఉత్తరం అవసరమే. మూత వల్ల గానీ, రిట్రెంచ్‌మెంట్ వల్ల గానీ పని పోయినవారికి రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన అని ఇంకొకటి ఉంది. 2005 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ పథకంలో మొదటి 12 నెలలు జీతంలో 50 శాతం, తరువాతి 12 నెలలు 25 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్లు ఇస్తారు. ఒకే రోజులకు రెండు భృతులూ తీసుకోవడానికి లేదు. మీ యూనిట్ నిజంగా శాశ్వతంగా మూతపడినట్టయితే ఇదే మీకు మేలు, కాని మూత రుజువు కావాలి కనుక దీనికి పట్టే సమయం ఎక్కువ. కాగితాలు పట్టుకుని ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయానికి వెళ్లి, మీ రికార్డు చూపించి, ఏది వేయాలో అడిగాకే దావా నొక్కండి. తొందరపడి 90 రోజుల భృతి వాడేసుకుంటే అది మళ్లీ రాదు.

పాపకు జ్వరం వస్తే ఈఎస్ఐ కార్డు చెల్లదేమోనని అనుకోకండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు వైద్యం 2025 జనవరి నుంచి జూన్ వరకు వర్తిస్తుంది, ఈలోగా అంతకుముందు కాలపు చందా నడుస్తుంది. గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి నిశ్చింతగా తీసుకెళ్లండి.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసిన పనికి ఉద్యోగం ముగిసినప్పుడు యజమాని ఇవ్వవలసిన సొమ్ము గురించి మీరు అసలు అడగలేదు. పది మంది, ఆపైన పనిచేసే చోట ఐదేళ్లు నిండినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున రావాలి. బేసిక్, డీఏ కలిపి రూ.13,000 అనుకుంటే 26తో భాగించి 15తో హెచ్చించగా ఏడాదికి రూ.7,500, ఆరేళ్లకు రూ.45,000. యజమానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. పీఎఫ్ మాత్రం మొత్తం ఊడ్చేయకండి. పని లేకుండా ఉన్నప్పుడు 75 శాతం వరకు తీసుకునే వీలుంది, అవసరమైనంతే తీసుకోండి.

జవాబు 3: రాజరాజేశ్వరిపేట నుంచి

నా అనుభవం ఒకటి చెబుతాను. జాబితాలో నా పేరు ఉంది, పక్కన "చెల్లింపు విఫలం" అని ఉంది. నేను ఇచ్చిన బ్యాంకు ఖాతాకు ఆధార్ ఇచ్చే ఉన్నాను కనుక తప్పు వాళ్లదేనని కొన్నాళ్లు అనుకున్నాను. బ్యాంకులో ఒక అమ్మాయి ఓపికగా కూర్చోబెట్టి చెప్పింది: ఖాతాకు ఆధార్ కాగితం ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆ ఆధార్‌కు ఏ బ్యాంకు ముడిపడి ఉందన్నది వేరు. ఆధార్ ద్వారా పంపే సొమ్ము చివరిసారి ముడిపడిన బ్యాంకుకే వెళ్తుంది. నాది ఎప్పుడో ఊళ్లో తెరిచి, వాడక మూలపడిన ఖాతాకు ముడిపడి ఉంది. బ్యాంకులో ఒక ఫారం మీద సంతకం పెట్టి మార్పించుకుని, ఆ సంగతి సచివాలయంలో రాసి ఇచ్చాక సొమ్ము వచ్చింది. మై ఆధార్ సైటులో బ్యాంకు సీడింగ్ స్థితి అని చూస్తే మీది ఏ బ్యాంకో తెలుస్తుంది. పేరు జాబితాలోకి ఎక్కకముందే ఇది చూసుకోండి, తమ్ముడూ.

అడిగినవారి నుంచి మళ్లీ (నవంబరు నెలాఖరు)

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. ఇంటి యజమాని ఉత్తరం రాసి ఇచ్చారు. పెద్దాయన చెప్పినట్టు ముందే నచ్చజెప్పకపోతే ఆయన సంతకం పెట్టేవారు కాదేమో. సోమవారం అర్జీ ఇచ్చి నంబరు తీసుకున్నాను. పది రోజుల తరువాత ఇద్దరు సిబ్బంది వచ్చి బురద గీత, రెండు వంటిళ్లు ఫొటో తీసుకుని, మా ఆవిడ చేత సంతకం చేయించుకున్నారు. ఇంకా సొమ్ము రాలేదు, అర్జీ పరిశీలనలో ఉందని 1100 వారు చెప్పారు. ఆధార్ ముడి మాత్రం సరైన బ్యాంకుకే ఉంది.

ఈఎస్ఐ రికార్డులో చెల్లెమ్మ అనుమానించినదే జరిగింది, 14 మందికీ "సెలవు" అనే ఉంది. యజమాని లెక్కలు చూసేవారితో మాట్లాడి సరిచేయించారు, మూత ఉత్తరం కూడా ఇచ్చారు. గ్రాట్యుటీ రెండు విడతలుగా ఇస్తానన్నారు, దరఖాస్తు నకలు మీద సంతకం తీసుకున్నాను. బ్రాంచి కార్యాలయంలో కాగితాలు చూసి, యూనిట్ మూత రుజువయ్యే వీలుంది కాబట్టి 90 రోజుల దావా ఇప్పుడే వేయవద్దని, రాజీవ్ గాంధీ పథకం కిందే దరఖాస్తు ఇవ్వమని సలహా ఇచ్చారు. మిగతా 13 మందిలో ఎనిమిది మందికి ఈ పథకాల పేర్లే తెలియవు. వచ్చే బుధవారం వాళ్లందరినీ వెంటబెట్టుకుని వెళ్తున్నాను. అందరూ ఒకే ఉత్తరం నకలు జతచేస్తే సరిపోతుందా, లేక ఎవరికి వారు విడిగా ఉత్తరం తీసుకోవాలా అన్నది చెల్లెమ్మ ఒక్క మాట చెబితే మేలు.

జవాబు 2 రాసిన అకౌంటెంట్ నుంచి

విడిగానే తీసుకోండి, అన్నయ్య గారూ. ప్రతి ఉత్తరంలో ఆ కార్మికుడి పేరు, ఈఎస్ఐ బీమా నంబరు, చేరిన తేదీ, చివరి పనిదినం ఉండాలి. రికార్డులో ఉన్న తేదీ, ఉత్తరంలో ఉన్న తేదీ ఒకటేనా అని బుధవారం బయలుదేరే ముందే ఒక్కొక్కరివీ సరిచూడండి.