ఈ వారం సమస్య (ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయాలి): “మౌనమే ప్రార్థనకు మేటి మారుపలుకు”

పలకబలపం (నిర్వహణ): ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఒక పెద్దావిడ చెప్పులు వేసుకుంటూ “ఎన్నేళ్ళని అడగను, ఆయన పలకడే” అంది. పక్కావిడ “పలక్కపోవడమూ పలుకేలే వదినా” అంది. ఇంటికొచ్చేలోగా పాదం కుదిరింది. కానివ్వండి.

చింతచిగురు: ముందు నాదే.

కబురు వినియును కదలక కర్త యాగె
రెండు దినములు; తమ్ముడు పండె గుహను;
నాల్గు నాళ్ళకు పిలిచిన నడచి వచ్చె
మౌనమే ప్రార్థనకు మేటి మారుపలుకు

లాజరుకు జబ్బని బేతనియ ఊరి నుంచి అతని అక్కచెల్లెళ్ళు కబురు పంపితే ప్రభువు వెంటనే బయల్దేరలేదు, ఉన్నచోటే రెండు రోజులు ఉండిపోయాడు. వెంటనే వచ్చుంటే జబ్బు తగ్గేది, అంతే. ఆలస్యమయింది కాబట్టే సమాధి తెరుచుకుంది.

ఉలిదెబ్బ: రెండో పాదంలో రెండు–పండె ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి) హాయిగా ఉంది. కానీ తల్లీ, లాజరు తమ్ముడని ఎవరు చెప్పారు? యోహాను సువార్తలో సహోదరుడు అనే ఉంది. అన్నో తమ్ముడో లేదు. క్రిస్మస్ పూరణలోనూ ఇంతే, బాలయేసును చూడవచ్చినవాళ్ళని “మువ్వురు జ్ఞానులు” అని రాశావు. మత్తయి చెప్పింది బంగారం, సాంబ్రాణి, బోళం. మూడు కానుకలే గానీ ముగ్గురు మనుషులని కాదు.

చింతచిగురు: ఆ లెక్క తప్పని అప్పుడే ఒప్పుకున్నాను మాస్టారూ, ఇంకా తవ్వుతున్నారు. “తమ్ముడు” తీసేసి “లాజరు” పెడుతున్నాను. గణం చెడదు, పేరూ వచ్చింది.

కొండవాగు:
మూడు మారులు వేడెను ముల్లు తీయ
పౌలు; దేవుడు తీయక బలము నిచ్చె;
కంటకము నుండ గృపయును గలిగె వెంట
మౌనమే ప్రార్థనకు మేటి మారుపలుకు

చింతచిగురు: అన్నయ్యా, “నుండ గృప” దగ్గర డ గురువై గణం పోయింది.

ఉలిదెబ్బ: పోలేదు. గృలో ఉన్నది వట్రుసుడి, రావత్తు కాదు. అది అచ్చు, ముందక్షరాన్ని గురువు చేయదు.

నారుమడి: గణం సరే, అసలు మౌనం ఏది? ఒంట్లో ముల్లులాంటి బాధ తీయమన్న పౌలుకి “నా కృప నీకు చాలును” అని ప్రభువు నోరు తెరిచి చెప్పాడు కదా, రెండో కొరింథీ 12లో. కాదనడం వేరు, పలకకపోవడం వేరు. పద్యం బాగుంది గానీ సమస్య తీరలేదు. నాది చూడండి, మా ఒంగోలుది.

ఒక్క కొండపై నేవురు మ్రొక్కి యడుగ
పదియు రెండేడు లాకాశ పథము మూగ;
కోత కోసిరి, సాక్షివి గుండ్లకమ్మ!
మౌనమే ప్రార్థనకు మేటి మారుపలుకు

నెల్లూరు మిషన్ మూసేద్దామా వద్దా అని అమెరికాలో బాప్టిస్టులు తర్జనభర్జన పడుతున్న రోజులు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. వాళ్ళడిగిన సేవకుడు, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. కరువు దాటాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను ఆ కొండ ఎక్కించి, మోకాళ్ళు కొట్టుకుపోయినా సరే రాతిమీదే మోకరించమనేది.

ఉలిదెబ్బ: నదిని సాక్షిగా పిలవడం ఈ వారానికే అందం. అయితే “ఏడులు” కుదరదు. సంవత్సరమనే ఏడుకి బహువచనం ఏండ్లు. ఏడులంటే అంకెలైపోతాయి. “పదియు రెండేండ్లు గగనంపు పథము మూగ” అని చూడు.

నారుమడి: మార్చుకున్నాను, ఋణపడ్డాను.

చింతచిగురు: నాది ఇంకొకటి.

పెదవు లాడెను గాని యే పిలుపు లేదు;
హన్న గుండెయె గుడిలోన నన్ని చెప్పె;
మత్తు నీకని యనె నేలి; మాట లేని
మౌనమే ప్రార్థనకు మేటి మారుపలుకు

కొండవాగు: ఏలీని ఏలి చేశావేం?

చింతచిగురు: గౌరీ గౌరి కాలేదా అన్నయ్యా?

ఉలిదెబ్బ: ఏలి సంగతి వదిలెయ్యండి, మెలిక చూడండి. మారుపలుకంటే బదులనుకుని మేమంతా దేవుడి మౌనం వెంట పడ్డాం. ఈ అమ్మాయి మారుపేరు లాగా విడదీసి, మౌనాన్ని అడిగేవాళ్ళ వైపు తిప్పింది. షిలోహు గుడిలో బిడ్డ కోసం మొక్కుకుంటున్న హన్న గొంతు వినబడక యాజకుడు ఏలీ ఆమె తాగిందనుకున్నాడు. దేవుడికి మాత్రం వినబడింది. జ్ఞానుల అప్పు నేటితో చెల్లు.

నాదీ ఒకటుంది. సోమవారమే రాశాను, పెట్టబుద్ధి కాలేదు. పోయినేడు మా ఆవిడ ఐసీయూలో పదకొండు రోజులుంది. వరండాలో బెంచీ మీద నేను. ఆవిడ కళ్ళజోడు నా చొక్కా జేబులో. కుడి అద్దం మీద ఆవిడ వేలిముద్ర. చెరిగిపోతుందని తుడవలేదు. ఎంత అడిగానో నాకే తెలుసు. పదకొండో రోజు పోయింది.

గిన్నె తొలగించు మోతండ్రి! కేలు మోడ్చి
మూడు మారులు సుతుడిట్లు మొరలు వెట్టె
రాతి గుండెలు గరగెడి రాత్రి, తుదకు
మౌనమే ప్రార్థనకు మేటి మారుపలుకు

నారుమడి: పౌలూ మూడుసార్లే, ప్రభువూ మూడుసార్లే. సేవకుడికి మాట దొరికింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో కుమారుడికి తండ్రి మాట ఒక్కటీ దొరకలేదు. బలపరచడానికి దూత వచ్చాడని లూకా రాశాడు గానీ, ఆ శ్రమల గిన్నె తీసేస్తానని మాత్రం ఎవరూ అనలేదు.

చింతచిగురు: మాస్టారూ, అమ్మగారి సంగతి తెలియక ఇన్నాళ్ళూ మీతో పోట్లాడాను. మూడో పాదంలో “తుదకు” మాత్రం మింగుడుపడడం లేదు. ఆ రాత్రి తుది కాదు కదా, ఆయన తిరిగి లేచిన ఆదివారం ఉంది. “రాత్రి యెల్ల” అనండి. గణమూ సరిపోతుంది.

ఉలిదెబ్బ: దిద్దుకున్నాను తల్లీ.

రాతి గుండెలు గరగెడి రాత్రి యెల్ల
మౌనమే ప్రార్థనకు మేటి మారుపలుకు