చేవెళ్ల రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లు ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారు?

మొయినాబాద్_బైకు:
నేను నాలుగేళ్లుగా చేవెళ్ల పక్క ఊరి నుంచి గచ్చిబౌలికి బైకు మీద వెళ్లివస్తున్నాను. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయినప్పటి నుంచి, నేను ఇంటికి చేరేదాకా అమ్మకు ఒకటే టెన్షన్. హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ నుంచి వికారాబాద్ జిల్లా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేస్తారు సరే, అంతదాకా ఎట్లా? మీకు తెలిసింది చెప్పండి.

పాత_స్టీరింగ్:
తమ్ముడూ, నేను ఇరవై ఏళ్లకు పైగా బస్సు నడిపినవాణ్ని. ఈ రోడ్డుకు నడుమ డివైడర్ లేదు, అందుకే ఓవర్‌టేక్‌కే ప్రాణాలు పోతాయి. నువ్వు 60లో, ఎదుటి బండి 60లో వస్తుంటే సెకనుకు 33 మీటర్లు దగ్గరవుతారు. టిప్పర్‌ను దాటడానికి ఎనిమిది సెకన్లు పట్టిందనుకో, పావు కిలోమీటరుకు పైగా రోడ్డు ఖాళీగా కనబడాలి. మలుపుల దగ్గర అంత ఎక్కడ కనబడుతుంది? లోడు బండి వెనక ఆగు. పది నిమిషాలు ఆలస్యమైతే ఏం కాదు.

ఇంకొకటి. మర్రి చెట్ల కింద పట్టపగలైనా లైటు వేసుకో. ఎండలోంచి ఒక్కసారిగా నీడలోకి వస్తే ఎదుటివాడి కళ్లు సర్దుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఆ కాసేపు నీ బండి వాడికి కనబడదు. ఇది నేను చాలాసార్లు అనుభవించాను.

స్కూటీ_టీచర్:
నాకు తారు అంచంటేనే భయం. పక్కన మట్టి కోసుకుపోయి జానెడు దిగిపోయింది. మొన్న వానలో లారీకి దారి ఇద్దామని పక్కకు జరిగితే ముందు చక్రం కిందికి దిగింది, పడ్డాను. మోకాలు ఇంకా మానలేదు. కొత్త రోడ్డు వచ్చేదాకా ఆగకుండా ఈ అంచుల్లో మొరం నింపి గట్టిగా తొక్కించాలి, బస్సు ఆగే చోట్ల పక్కకు కొంచెం జాగా చెయ్యాలి. ఇప్పుడు బస్సు తారు మీదే ఆగుతుంది, వెనకాల వచ్చేవాళ్లంతా ఎదురు వరుసలోకి వెళ్లి దాటుతున్నారు.

మక్కచేను:
మా రైతుల తప్పు కూడా చెప్తాను. కల్లం లేక వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తాం. చుట్టూ రాళ్లు పెడతాం, ఎత్తేటప్పుడు కొన్ని అక్కడే మర్చిపోతాం. చీకట్లో ఆ రాయి ఎవరికి కనబడుతుంది? మా ఇంట్లో ఇప్పుడు టార్పాలిన్ పట్టాలు కొని పొలంలోనే ఆరబోస్తున్నాం. ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటు లేదు, ఎర్ర రేడియం స్టిక్కర్లు అడ్డంగా అంటించాను. చాలా దూరం నుంచే మెరుస్తాయి.

నైట్‌డ్యూటీ_నర్సు:
ఎవరైనా పడితే వీడియో తీయకుండా ముందు 108కి ఫోన్ చేయండి. ఆపినవాళ్లను పోలీసులు తిప్పుతారని భయపడి చాలామంది ఆగరు. సాయం చేసినవాళ్లకు రక్షణ ఉండాలని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు, వాళ్లను బలవంతంగా సాక్షి చెయ్యకూడదని 2020లో దాని నిబంధనలు వచ్చాయి. అలాగే దెబ్బ తగిలినవాళ్లకు ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు డబ్బు కట్టకుండా వైద్యం చేయించే కేంద్ర పథకం 2025లో వచ్చింది. ఆస్పత్రిలో అడగండి.

మొయినాబాద్_బైకు:
అందరికీ దండాలు. అన్నా, ఈరోజు చెట్ల కింద లైటు వేసుకునే వచ్చాను. మక్కచేను అన్నా, ఆ స్టిక్కర్లు ఎక్కడ కొన్నారు? మా ఊళ్లో పదకొండు ట్రాలీలున్నాయి, ఆదివారం అన్నిటికీ అంటిస్తాను. అక్కా, తారు అంచు ఎక్కడెక్కడ దిగిపోయిందో కిలోమీటరు రాయి నంబరుతో ఇక్కడ రాయండి. ఫొటోలు తీసి, అంచులు పూడ్చమని అర్జీ రాసి, రోడ్డు అధికారులకు నేనే ఇచ్చివస్తాను.